బాడుగ బండి

ఎలీషా ప్రవక్త దినములలో ఒకడు యొర్దాను నది యొడ్డున మ్రాను నరుకుచుండగా గొడ్డలి ఊడి నీటిలో పడిన సంగతి మీరెరుగుదురు (2 రాజులు 6). అతడు వెంటనే మొరపెట్టెను. ఆ మొరను శ్రద్ధగా వినుడి. గొడ్డలి పోయినదను దుఃఖముకంటె, అది ఎరువు తెచ్చినదను దుఃఖమే అందులో ఎక్కువగా వినబడుచున్నది. తనదైనయెడల అతడు నిట్టూర్చి ఊరకుండునేమో. పరునిది గనుక ఊరకుండలేకపోయెను.

ఈ మాసము నేను మీతో మాటలాడదలచినది గొడ్డలిని గూర్చి కాదు, ఒక బాడుగ కారును గూర్చి. డబ్బు చెల్లించి తెచ్చుకొన్న వస్తువునందు మనకు ఎంత హక్కు కలదు? బాడుగ ఇచ్చినవాడు ఏమి కొనుక్కొనుచున్నాడు? ఏమి కొనుక్కొనలేకపోవుచున్నాడు? ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చును. నాకును అట్లే తోచినది. అది నాకు ఎట్లు పెద్దదయ్యెనో దాచక చెప్పెదను.

కొంతకాలము క్రిందట, నాతో వేదాంత కళాశాలలో చదివి గోదావరి సీమలో సంఘకాపరిగా నున్న స్నేహితుడొకరు భార్యతోకూడ మా యింటికి వచ్చిరి. "మీ రాయలసీమలో రాళ్లు తప్ప ఏమున్నవయ్యా?" అని ఆయన హాస్యమాడిరి. "ఆ రాళ్లనే చూపెదను, రండి" అంటిని. వేంపల్లెలో రెండు దినములకు ఒక కారు బాడుగకు మాటలాడితిని. దినమునకింత బాడుగ, డ్రైవరుకు బత్తా వేరు, డీజిలు మాది అని ఒప్పందము. బండి ఒక యజమానిది. దానిని నడుపు పిల్లవాడు నెలజీతమునకున్నవాడు. ఇరువదిరెండు, ఇరువదిమూడేండ్లుండును. బయలుదేరకముందు అతడు ఒక గుడ్డతో అద్దము తుడిచి, నాలుగు చక్రములను కాలితో తట్టి చూచెను. తనది కాని బండిని అతడు చూచుకొన్న తీరు అది. ఆ తీరును నేను అప్పుడు గమనింపలేదు. ఇప్పుడు జ్ఞాపకము చేసికొనుచున్నాను.

మొదట ఇడుపులపాయకు పోతిమి. 2009 సెప్టెంబరు 2వ తేదీన హెలికాప్టరు ప్రమాదమున మరణించిన ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారి సమాధి అక్కడ నున్నది. దూరప్రాంతములనుండి జనులు వచ్చి, చెప్పులు విడిచి, మౌనముగా నిలిచి పోవుచుందురు. దానికి సమీపముననే 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ విశ్వవిద్యాలయపు విద్యాలయము కలదు. జనులు దానిని ట్రిపుల్ ఐటీ అందురు. పల్లెల బడులలో పదవ తరగతి ముగించిన పిల్లలు అక్కడికి వచ్చి ఆరు సంవత్సరములు చదువుదురు. ఒక బిడ్డ కూర్చుండిన బల్ల ఆరేండ్ల తరువాత మరియొక బిడ్డకు చెందును. "చూచితిరా, ఇక్కడ ఏ బల్లయు ఎవరికిని సొంతము కాదు" అని నా స్నేహితునితో అంటిని. ఆయన తల ఊపిరి.

అక్కడినుండి గండికి వచ్చితిమి. పాపఘ్ని నది కొండను చీల్చుకొని వచ్చుచోటు అది. అందుకే దానికి ఆ పేరు. అచ్చటి ఆంజనేయస్వామి గుడికి వచ్చిన జనులతో త్రోవ నిండియుండెను. పిమ్మట పులివెందుల మీదుగా సాగితిమి. త్రోవ పొడవున చీనీ తోటలు, అరటి తోటలు. ప్రతి తోటకును ఒక బోరుబావి. వందల అడుగుల లోతునుండి నీరు తోడి పెంచిన పచ్చదనము అది. ముద్దనూరు దాటి జమ్మలమడుగు చేరి, మధ్యాహ్నమునకు గండికోటకు పోతిమి.

గండికోట చూడనివారికి దానిని కొంచెము వర్ణింపవలెను. పెన్నానది ఎర్రమల కొండలను నిలువున కోసికొని లోతైన లోయగుండా పారుచున్నది. ఆ లోయ అంచున ఎర్రరాతి కోట. విజయనగర రాజుల కాలమున పెమ్మసాని నాయకులు దీనిని ఏలిరి. 17వ శతాబ్దపు నడుమ గోలకొండ సేనాని మీర్ జుమ్లా దీనిని పట్టుకొనెను. 1652లో తావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు ఇక్కడికి వచ్చి ఆ సేనానిని కలిసికొని, తాను చూచినది వ్రాసిపెట్టెను. కోటలో నేటికిని మాధవరాయస్వామి ఆలయము, రంగనాథస్వామి ఆలయము, జామియా మసీదు, గొప్ప ధాన్యాగారము నిలిచియున్నవి. కోటను పట్టిన మీర్ జుమ్లా అందులో స్థిరపడలేదు. కొన్ని సంవత్సరములకే గోలకొండను విడిచి మొగలుల కొలువునకు పోయి, అస్సాము దండయాత్రనుండి మరలుచు 1663లో మరణించెను. 1800లో ఈ సీమయంతయు నిజాముచేత ఇంగ్లీషు కుంఫిణీకి దత్తమయ్యెను. కుంఫిణీయు పోయినది.

ధాన్యాగారపు నీడలో మేము అన్నపు మూటలు విప్పుకొంటిమి. నా స్నేహితుడు, "ఇక్కడ ప్రసంగము వ్రాయనక్కరలేదు, రాళ్లే చెప్పుచున్నవి. వీరందరు ఈ కోటలో బాడుగకున్నవారే" అనిరి. నేను సంతోషించి, "మనమును అంతే. ఈ లోకములో మనకు సొంతమైనదేది?" అంటిని. రాబోవు ఆదివారపు ప్రసంగమునకు మూడు అంశములు నా మనస్సులో అప్పుడే కుదిరినవి. మేము తినుచుండగా డ్రైవరు ఎండలో కారునొద్ద నిలిచియుండెను. అతని సంగతి నా స్నేహితుని భార్యకు జ్ఞాపకము వచ్చినది గాని, నాకు రాలేదు. ఆమెయే పిలిచి అన్నము పెట్టిరి.

భోజనమైన పిమ్మట, లోయను మరియొక అంచునుండి చూపవలెనని నాకు కోరిక కలిగెను. తారు రోడ్డు విడిచి రాళ్ల దావలో పోవలసియుండెను. డ్రైవరు బండి ఆపి దిగి, దావ వంక చూచి, "వద్దు సార్. ఇది కారు పోయే దావ కాదు. కింద తగుల్తాది" అనెను.

"ఏం కాదులే నాయనా, మెల్లగా పోనీ."

"రాయి తగిలితే చాంబరు పోతాది సార్. నడిచి పోతే పది నిమిషాలే."

ఎండ తీవ్రముగా నుండెను. అతిథుల యెదుట నా మాట చెల్లకపోవుట నాకు చిన్నతనముగా తోచెను. అప్పుడు నేనన్న మాటను ఇక్కడ వ్రాయుటకు సిగ్గుపడుచున్నాను. "బాడుగ ఇస్తున్నాము కదా అబ్బాయ్, పోనీ."

అతడు మరి మాటలాడలేదు. బండి ఎక్కెను. వంద గజములు పోకముందే క్రింద ఏదో గట్టిగా తగిలిన శబ్దమయ్యెను. అతడు వెంటనే ఇంజను ఆపి, క్రిందికి వంగి చూచెను. నల్లని నూనె రాళ్లమీద ధారగా కారుచుండెను. ఆపక నడిపియుండినయెడల ఇంజనే పట్టుకొనిపోయెడిది. ఒక ట్రాక్టరుకు కట్టి బండిని జమ్మలమడుగు చేర్చునప్పటికి ప్రొద్దు గ్రుంకెను. మరమ్మతు రాత్రి పదిగంటలవరకు సాగెను. ట్రాక్టరు కూలియు కలిసి 4,800 రూపాయలైనవి. ఆ పిల్లవాడు ఫోనులో యజమానితో మాటలాడుట నేను వింటిని. "సరే అన్నా, జీతంలో పట్టుకో" అనెను. అతని జీతము నెలకు 12,000 రూపాయలని దారిలో అతడే చెప్పియుండెను. లెక్క వేయుటకు కష్టము లేదు. అది పండ్రెండు దినముల కూలి.

నేను వింటిని, గాని ఏమియు అనలేదు.

ఆ రాత్రి జమ్మలమడుగులో నిద్రపట్టలేదు. ఆ ఊరిలో లండన్ మిషనువారు స్థాపించిన కాంబెల్ ఆసుపత్రి కలదు. సముద్రములు దాటి వచ్చిన మనుష్యులు, తమకు సొంతము కాని నేలమీద, తమ భాష కాని భాష నేర్చుకొని, వైద్యము చేసిరి. ఇక్కడ వారు పరదేశులే. పరదేశినని చెప్పి పనిని తేలికగా చూచినవారు కారు. ఆ సంగతి నన్ను పొడుచుచుండగా, నన్ను నేను సమర్థించుకొనుటకు ఒక వాక్యమును వెదకితిని. దొరికినది. నిర్గమకాండము 22వ అధ్యాయములో ఎరువు తెచ్చుకొన్న వస్తువును గూర్చిన విధి కలదు. యజమానుడు దానియొద్ద లేనప్పుడు అది పాడైనయెడల తెచ్చుకొన్నవాడు నష్టము అచ్చుకొనవలెను. యజమానుడు దానితో నున్నయెడల అక్కరలేదు. అది అద్దెకు వచ్చినదైనయెడల నష్టము అద్దెలోనే చేరును. ధర్మశాస్త్రమే నన్ను విడిచిపెట్టుచున్నదని తలంచి కన్నులు మూసికొంటిని.

మరునాడు ప్రొద్దుటూరు చూచితిమి. పెన్న యొడ్డున పెరిగిన ఆ పట్టణములో బంగారపు అంగళ్లు వీధులకు వీధులే. ఒక అంగడిలో కంసాలి ఒకామె పాత గొలుసును ఆమె కన్నులయెదుటనే తూచి, ఆ తూకము చీటీపై వ్రాసియిచ్చెను. పరుల సొత్తు చేతిలో నుంచుకొనువాని పద్ధతి అది. పిమ్మట ఎర్రగుంట్లకు సమీపమున కలమళ్లకు పోతిమి. తెలుగులో దొరికిన మొదటి శాసనము ఆ ఊరిదే. రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలమున, క్రీ.శ. 575 ప్రాంతమున చెక్కబడినదని పండితులు చెప్పుదురు. ఆ కాలమునకే చేరువైన ఎర్రగుడిపాడు శాసనము ఒక భూదానమును గూర్చినది. ఇచ్చినవారిని, సాక్షులను చెప్పి, దానిని చెరుపువానికి మహాపాతకము తగులునని హెచ్చరించుచున్నది. మన భాష రాతిమీద మొదట మాటలాడ నేర్చిన దినములలోనే, నీది కానిదానిని పాడుచేయకుమని చెప్పినది. అది చెక్కించిన రాజుల వంశము లేదు. ఆ మాట మాత్రము నిలిచియున్నది.

సాయంకాలమునకు వేంపల్లె చేరితిమి. ఒప్పందము ప్రకారము బాడుగయు బత్తాయు లెక్కపెట్టి ఇచ్చితిని. అతడు నమస్కారము చేసి పోయెను. ఇంట నా భార్య జరిగినదంతయు విని, "బండి బాగు చేయించిన డబ్బు ఎవరిచ్చినారు?" అని అడిగెను. "బాడుగ ఇచ్చినాము కదా" అంటిని. ఆమె నా ముఖము చూచి, మారుమాట లేక లోపలికి పోయెను.

ప్రియ చదువరీ, నన్ను విడిచిపెట్టినదని నేననుకొన్న వాక్యమును మరునాడు బల్లమీద పరచుకొని చదివితిని. చదివినకొలది అది నాకు వ్యతిరేకముగా నిలిచెను.

మొదటి సంగతి. బాడుగలో నష్టము చేరునని ఏల చెప్పబడెను? ఎద్దును బాడుగకిచ్చువాడు అది అలయునని, కాడి అరుగునని ఎరిగి ఆ వెల అడుగును. కారు యజమాని చక్రములు అరుగునని ఎరిగియే దినమునకింత అని చెప్పును. అరుగుదలకును, ఎవరి తప్పును లేక వచ్చు ఆపదకును వెల చెల్లింపబడినది. నా మొండితనమునకు వెల ఎవరు కట్టిరి? వద్దని చెప్పినప్పుడు పొమ్మన్న మాట ఏ ఒప్పందములోను లేదు.

రెండవ సంగతి. యజమానుడు దగ్గరనున్నయెడల నష్టము అచ్చుకొననక్కరలేదనుటకు కారణము నాకు ఇట్లు తోచుచున్నది. యజమానుడు తన సొత్తుకు కీడు వచ్చుట చూచినయెడల "ఆగు" అనగలడు. అతడు ఆగుమనినయెడల పని ఆగును. బండితో ఆ పిల్లవాడు ఉండెను గదా అని నేననుకొంటిని. నిజమే, ఉండెను. ఆగుమని చెప్పెను కూడ. గాని జీతమునకున్నవాని "వద్దు"కు యజమానుని "వద్దు"కున్న బలము లేదు. ఆ బలమును తీసివేసినది నా బాడుగ డబ్బే. నేను కొన్నది కారు ప్రయాణము మాత్రమే అనుకొంటిని. ఆ డబ్బుతో ఒక మనుష్యుని నోరు కూడ మూసితిని. ఏ వస్తువును బాడుగకు తెచ్చుకొన్నను, దానివెంట వచ్చు మనుష్యుని మనస్సాక్షి బాడుగకు రాదు. దానిని వాడుకొనుట దొంగతనము వంటిది.

మూడవ సంగతి నన్ను మిక్కిలి కలతపెట్టినది. అద్దెకు వచ్చినదని చెప్పుచోట హెబ్రీ భాషలో "సాకీర్" అను పదమున్నది. ఆ పదమే ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో కూలివానికి వాడబడినది. బీదవాడైన కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని, అతడు దానిమీదనే ఆశ పెట్టుకొనియుండునని అక్కడ చెప్పబడెను. నేను వస్తువును గూర్చి చదువుకొని నెమ్మది పొందిన మాట, కొన్ని పుటలు త్రిప్పగానే, మనుష్యుని పేరుగా నా ముందు నిలిచెను. ఆ మనుష్యుని పండ్రెండు ప్రొద్దుల కూలి నా చేత పోయినది.

ఆదివారము నేను గండికోటను గూర్చి ప్రసంగింపలేదు. "మనమందరము బాడుగకున్నవారమే" అను మాట నా నోట రాలేదు. ఆ మాట సత్యమే. భూమి తనదనియు, మనము తనయొద్ద పరవాసులమనియు దేవుడు లేవీయకాండములో చెప్పుచున్నాడు. అయితే శిథిలములను చూచి ఆ మాట అనుటలో ఒక మోసము కలదు. ఏదియు నాది కాదని చెప్పుట వైరాగ్యమువలె కనబడును. నాది కాదు గనుక ఏమైనను నాకేమి అను నిర్లక్ష్యమునకు అది త్వరలో దారితీయును. నాకు గంటలోపలనే దారితీసెను. సొంతదారుడు తన కుండ పగులగొట్టుకొన్నయెడల తనదే పోవును. బాడుగవాడు పగులగొట్టినయెడల మరియొకని కన్నీటికి ఉత్తరవాదియగును. కనుక బాడుగవాని బాధ్యత సొంతదారుని బాధ్యతకంటె బరువైనది. పరుల సొమ్ము విషయమై నమ్మకముగా నుండనివానికి సొంతమైనది ఎవరిత్తురని ప్రభువు అడిగిన ప్రశ్న (లూకా 16:12) ఇక్కడనే మనలను పట్టుకొనుచున్నది. పౌలు రోమాలో రెండు సంవత్సరములు అద్దె యింట నుండెను. ఆ యింట ఆయన దినములను వ్యర్థపుచ్చలేదు. తనయొద్దకు వచ్చినవారినందరిని చేర్చుకొనెను.

పదునొకండవ దినమున నేను 4,800 రూపాయలు తీసికొని వేంపల్లెకు పోయి, బస్టాండునొద్ద ఆ పిల్లవానిని వెదకి పట్టుకొంటిని. అతడు నన్ను చూచి, మరల బాడుగకు వచ్చితిననుకొనెను. సంగతి చెప్పి, క్షమింపుమని అడిగి, డబ్బు చేతిలో పెట్టితిని. అతడు చాలసేపు దానిని చూచెను. పిమ్మట లెక్కపెట్టి, సగము తీసి నాకు తిరిగి ఇచ్చెను.

"మీరు పొమ్మంటిరి, నేను పోతి. స్టీరింగు పట్టుకున్నోన్ని నేనే కదా సార్. చెరి సగం."

నేను వద్దంటిని. ఎంత బ్రతిమాలినను అతడు తీసికొనలేదు. వేదాంత కళాశాలలో చదువుకొనిన నేను ఒక వాక్యము వెదకి నా తప్పునంతయు తప్పించుకొనజూచితిని. ఏ వాక్యమును వెదకని అతడు, తన భాగమని తాను తలంచినదానిని తానే మోసెను. అది అతని భాగము కాదని నేనిప్పటికిని నమ్ముచున్నాను. గాని అతనిని వాదించి గెలువ నాకు అర్హత లేకపోయెను. ఆ 2,400 రూపాయలు నా బైబిలులో నిర్గమకాండమునొద్ద నున్నవి. వాటిని ఏమి చేయవలెనో ఇంకను నిర్ణయింపలేదు.

చదువరీ, మీకు కారు బాడుగకు తీసికొను అవసరము రాకపోవచ్చును. గాని కౌలుకు తీసికొన్న చేను మీకుండవచ్చును. ఈ యేటి పంట చాలునని దాని సారమంతయు పిండివేయుచున్నారా? పెండ్లికి తెచ్చిన పాత్రలు, షామియానా, సంఘపు చాపలు, మైకు, వీటిని ఎట్లు వాడుచున్నారు? ట్రాక్టరు బాడుగ ఇచ్చితిమని దాని డ్రైవరును రాత్రి ఒంటిగంటవరకు అన్నము లేక దున్నించుచున్నారా? కూలికి వచ్చిన స్త్రీ "అమ్మా, ఈ మందు కొట్టితే నాకు తల తిరుగుతాది" అనినప్పుడు, "కూలి ఇస్తున్నాము కదా" అని అనుచున్నారా? మన బోర్లలోని నీరు కూడ ఎరువు తెచ్చినదే. మన మనుమలు దానిని అడుగుదురు. వారు ఇంకను పుట్టలేదు గనుక "వద్దు" అని చెప్పలేరు. చెప్పలేనివాని "వద్దు"ను మనమే వినవలెను.

యొర్దాను యొడ్డున మొరపెట్టినవానికి ప్రవక్త కసరుకొనలేదు. అది ఎక్కడ పడెనని అడిగెను. అతడు స్థలమును చూపెను. ఇనుము తేలినది ఆ తరువాతనే. మన చేత పాడైన పరుల సొత్తు ఎక్కడ పడినదో ఆ స్థలమును చూపు ధైర్యమును ప్రభువు మీకును నాకును దయచేయును గాక. ఆమేన్.